మోనోవై, నెబ్రాస్కా: ఒక్కరే ఉన్న ఊరి గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఆకుపచ్చ బోర్డు మీద "మోనోవై" అని ఊరి పేరు, దాని పక్కన జనాభా 1 అనే అంకె. ఈ ఫోటో వాట్సాప్‌లో మీకూ ఎప్పుడో వచ్చే ఉంటుంది. కింద ఎవరో ఒకరు "ఫేక్" అని కామెంట్ పెడతారు. ఫేక్ కాదు. ఊరు ఉంది, బోర్డు ఉంది, ఆ ఒక్క మనిషి కథ కూడా నిజమే. నన్ను మళ్ళీ మళ్ళీ అడిగిన ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి, తెలిసినంతలో వివరంగా జవాబులు రాస్తున్నాను.

అసలీ ఊరు ఎక్కడుంది?

అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో, బాగా ఉత్తరాన, బోయ్డ్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది). అక్కడి నుంచి ఐదు మైళ్ళు పైకి వెళ్తే దక్షిణ డకోటా వచ్చేస్తుంది. 12వ నంబరు రాష్ట్ర రహదారి మీద ఉంటుంది. ఊరి విస్తీర్ణం 0.21 చదరపు మైళ్ళు, అంటే దగ్గరదగ్గర 134 ఎకరాలు. మన వైపు ఓ మోస్తరు చెరువు కింద ఆయకట్టు కూడా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. చుట్టూ ఎత్తుపల్లాల గడ్డినేల, పశువులు, పొలాలు. నయోబ్రారా, మిస్సోరి అనే రెండు నదుల మధ్య పడుతుంది ఈ ప్రాంతం.

మిడ్‌వెస్ట్ అంటే షికాగో కదా, ఇది కూడా మిడ్‌వెస్టేనా?

అవును. అమెరికా జనగణన శాఖ లెక్కలో మిడ్‌వెస్ట్ అంటే దేశం నడిమి భాగంలో, ఉత్తరం వైపు ఉన్న పన్నెండు రాష్ట్రాలు. ఇల్లినాయ్, ఒహాయో, మిషిగన్ లాంటివి తూర్పు వైపు ఉంటే, నెబ్రాస్కా, కాన్సాస్, రెండు డకోటాలు పడమటి కొసన ఉంటాయి. తూర్పు వైపు వాన బాగా పడుతుంది, పడమటికి జరిగేకొద్దీ తగ్గుతుంది. మోనోవై వాన సరిపోయీ సరిపోని ఆ అంచున ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఊరు ఎందుకు ఖాళీ అయిందో చెప్పేటప్పుడు పనికొస్తుంది.

నిజంగా ఒక్కరేనా?

2010 జనగణనలో ఒక్కరే. ఆవిడ పేరు ఎల్సీ ఐలర్. 2000లో ఇద్దరు ఉండేవాళ్ళు, ఆవిడ, ఆవిడ భర్త రూడీ. 2004లో ఆయన పోయారు. అప్పటి నుంచి ఆవిడ ఒక్కరే. అమెరికా మొత్తం మీద చట్టప్రకారం గుర్తింపు ఉన్న ఊళ్ళలో జనాభా ఒకటి అని నమోదైన ఊరు 2010లో ఇదొక్కటే.

2020 లెక్కల్లో మాత్రం 2 అని ఉంటుంది. అదెలా అని అందరూ అడుగుతారు. దానికి కింద విడిగా పెద్ద జవాబు రాశాను.

వయోమింగ్‌లో బుఫోర్డ్ అని ఇంకో ఊరు ఉంది కదా, అదీ ఒక్కరిదే కదా?

చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. బుఫోర్డ్‌కి మున్సిపాలిటీ హోదా లేదు. అది ఒక ప్రైవేటు ఆస్తి, పెట్రోలు బంకు, అంగడి, ఇల్లు. అందుకే 2012లో వేలం పెట్టి 9 లక్షల డాలర్లకు ఒక వియత్నాం వ్యాపారికి అమ్మగలిగారు. మోనోవైని అలా ఎవరూ అమ్మలేరు. దానికి మేయరు, బడ్జెట్, పన్నులు, ఎన్నికలు అన్నీ ఉన్నాయి. అన్నీ ఒకే మనిషి చేతుల మీద జరుగుతాయి, అంతే తేడా.

ఈ ఊరు ఎప్పుడు పుట్టింది? ఎవరు కట్టారు?

1902లో. కట్టింది రైలు. ఫ్రెమాంట్, ఎల్క్‌హార్న్ అండ్ మిస్సోరి వ్యాలీ అనే రైల్‌రోడ్ కంపెనీ ఆ ఏడాది తన లైనును ఇక్కడిదాకా పొడిగించింది. ఆ కాలంలో అక్కడ పద్ధతి ఏమిటంటే, ముందు రైలు వస్తుంది, లైను పొడుగునా కొన్ని మైళ్ళకొకటి చొప్పున స్టేషన్ పెడతారు, స్టేషన్ చుట్టూ ప్లాట్లు గీస్తారు, ఆ ప్లాట్లలో అంగళ్ళు, బ్యాంకు, చర్చి, బడి లేస్తాయి. బండి మీద ధాన్యం వేసుకుని వచ్చిన రైతు అదే రోజు ఇంటికి తిరిగి వెళ్ళగలిగేంత దూరంలో స్టేషన్ ఉండాలి. అందుకే ఆ మైదానాల్లో ఊళ్ళు పూసలు గుచ్చినట్టు వరసగా ఉంటాయి. మోనోవైకి పోస్టాఫీసు కూడా 1902లోనే వచ్చింది.

ఇంకో రెండేళ్ళకు, 1904లో, సరిహద్దుకు అవతల రోజ్‌బడ్ రిజర్వేషన్ (ఆదివాసులకు కేటాయించిన ప్రాంతం) భూములను లాటరీ తీసి పంచారు. సుమారు 2,400 కమతాల కోసం లక్షకు పైగా జనం పేర్లు రాయించుకున్నారు. ఆ పేర్లు రాయించుకున్న చోట్లలో ఒకటి బోన్‌స్టీల్, ఇదే రైలు లైను మీద కాస్త ముందుకు వెళ్తే వచ్చే ఊరు. అంటే అప్పట్లో ఈ దారి నిండా భూమి కోసం వచ్చే జనమే. ఇవాళ ఆ రోడ్డు మీద గంటకు ఎన్ని కార్లు పోతాయో చూస్తే ఆ సంగతి నమ్మబుద్ధి కాదు.

రైలు రాకముందు అక్కడ ఎవరూ లేరా?

ఉన్నారు. ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, కానీ అన్నిటికంటే ముందు అడగాల్సింది ఇదే. అది పోంకా ఆదివాసుల గడ్డ. పక్కన పారే వాగు పేరు ఇప్పటికీ పోంకా క్రీక్. 1868లో అమెరికా ప్రభుత్వం సూ అనే మరో ఆదివాసి తెగతో ఒప్పందం చేసుకుంటూ పొరపాటున పోంకాల నేలను కూడా వాళ్ళకు రాసిచ్చేసింది. ఆ పొరపాటు దిద్దుకోకుండా, 1877లో పోంకాలనే అక్కడి నుంచి లేపి, దక్షిణాన ఇప్పటి ఓక్లహోమాకు తోలింది. దారిలో, అక్కడికి చేరాక, జబ్బులతో చాలామంది చనిపోయారు.

వాళ్ళ నాయకుల్లో ఒకరు స్టాండింగ్ బేర్. కొడుకు చనిపోతూ తనను సొంత నేలలోనే పూడ్చమని కోరాడు. 1879 జనవరిలో, గడ్డకట్టే చలిలో, కొడుకు శవాన్ని తీసుకుని ఆయన సుమారు ముప్పై మందితో ఉత్తరానికి బయల్దేరారు. అనుమతి లేకుండా రిజర్వేషన్ దాటారని సైన్యం అరెస్టు చేసింది. ఒమాహా కోర్టులో ఆదివాసి చట్టం దృష్టిలో "మనిషి" అవునా కాదా అన్న వాదన నడిచింది. 1879 మే నెలలో జడ్జి ఎల్మర్ డండీ అవునని తీర్పు ఇచ్చారు. 2019లో స్టాండింగ్ బేర్ విగ్రహాన్ని వాషింగ్టన్‌లో పార్లమెంటు భవనంలో పెట్టారు.

జనాభా గురించి మాట్లాడుకునేటప్పుడు ఇది పక్క కథ కాదు. అప్పటి అమెరికా రాజ్యాంగం ప్రకారం పన్ను కట్టని ఆదివాసులను రాష్ట్రాలకు పార్లమెంటు సీట్ల పంపకం కోసం వేసే జనాభా లెక్కలో కలపరు. మోనోవై జనాభా పట్టిక 1900ల తొలి దశాబ్దం తర్వాతే మొదలవుతుంది కాబట్టి అంతకుముందు అక్కడ ఖాళీ నేల అనుకుంటారు చాలామంది. ఖాళీ కాదు, ఖాళీ చేయించారు.

మోనోవై అంటే అర్థం ఏమిటి?

ఆదివాసుల మాటలో "పువ్వు" అని అర్థం చెబుతారు. ఆ చుట్టుపక్కల అడవి పూలు విరగబూసేవట, అందుకని ఆ పేరు పెట్టారని అంటారు.

ఎక్కువలో ఎక్కువ ఎంతమంది ఉండేవాళ్ళు?

జనగణన పుస్తకాల్లో 1930 నాటి 123 అన్నిటికంటే పెద్ద అంకె. 1980 నాటికి 18. 1990లో 6. 2000లో 2. 2010లో 1. లక్షల జనాభాతో పట్నం ఏమీ ఎప్పుడూ కాదు, బాగా వెలిగిన రోజుల్లోనే మన ఊళ్ళో ఒక వాడకట్టంత. అయినా ఆ నూటపాతిక మంది లోపు జనానికే పోస్టాఫీసు, కిరాణా కొట్లు, బడి, చర్చి, స్టేషన్ అన్నీ నడిచాయి.

అంత తక్కువ జనానికి అన్ని కొట్లు ఎలా నడిచేవి?

ఇక్కడే మనకూ వాళ్ళకూ ఊరు అనే మాటలో పెద్ద తేడా ఉంది. మన ఊరంటే రైతు ఇల్లు ఊళ్ళో, పొలం ఊరి బయట. పొద్దున్నే పొలానికి పోయి సాయంత్రం ఊళ్ళోకి వస్తాం. అక్కడ రైతు ఇల్లు పొలంలోనే ఉంటుంది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలు ఉచితంగా ఇచ్చేవాళ్ళు, కానీ అక్కడే ఇల్లు కట్టుకుని ఐదేళ్ళు సేద్యం చేస్తేనే పట్టా. దాంతో ఎవరి ఇల్లు వాళ్ళ పొలంలో, పక్కింటికి వెళ్ళాలంటే అర మైలు. విలేజ్ అంటే వీళ్ళందరికీ కలిపి ఉన్న బజారు. ఊళ్ళో పడుకునేది నూరు మంది అయినా, ఆ బజారు మీద ఆధారపడ్డ కుటుంబాలు చుట్టూ చాలా ఉండేవి. ఎల్సీ కూడా ఊరి బయట పావు మైలు దూరంలో ఉన్న పొలంలోనే పెరిగారు.

కాబట్టి మోనోవై ఖాళీ అయిందంటే 123 మంది వెళ్ళిపోయారని మాత్రమే కాదు. చుట్టూ ఉన్న పొలాలలో దీపాలు ఒక్కొక్కటీ ఆరిపోయాయి, ఆ తర్వాత బజారు మూతపడింది.

మరి ఎందుకు ఖాళీ అయింది?

ఒక్క కారణం చెప్పమంటే ట్రాక్టర్ అంటాను. కానీ ఒక్క కారణంతో ఊరు చావదు.

1930లలో ధరలు పడిపోయాయి, దానికి తోడు ఏళ్ళ తరబడి కరువు, దుమ్ము తుఫాన్లు. వాన సరిపోని అంచున 160 ఎకరాలతో కుటుంబం బతకడం ముందే కష్టం, ఆ దశాబ్దంలో అసాధ్యమైంది. తరువాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది, కుర్రాళ్ళు సైన్యానికి, ఫ్యాక్టరీలకు వెళ్ళారు, వెళ్ళినవాళ్ళలో చాలామంది వెనక్కి రాలేదు. యుద్ధం తర్వాత యంత్రాలు. ఆరు కుటుంబాలు చేసే సేద్యం ఒక కుటుంబం చేయగలిగింది, పక్కవాడు అమ్ముకుంటే కొనుక్కుంది. ఇవాళ నెబ్రాస్కాలో సగటు పొలం 900 ఎకరాలు దాటింది. లెక్క మీరే వేసుకోండి. నేల అంతే, పంట ఇంకా ఎక్కువ, ఆరు ఇళ్ళున్న చోట ఒక్క ఇల్లు. ఆ ఒక్క ఇల్లు ఆరిళ్ళంత ఉప్పూ పప్పూ కొనదు, ఆరిళ్ళ పిల్లలను బడికి పంపదు.

దానికి తోడు కార్లు, మంచి రోడ్లు. గుర్రబ్బండి మీద రోజంతా పట్టే దూరం అరగంట అయిపోయాక, చిన్న కొట్లో ఎవరు కొంటారు, పెద్ద ఊరికి వెళ్ళి కొంటారు. మోనోవైలో ఎల్సీ తండ్రికి 1960లో జరిగిన అంత్యక్రియలే అక్కడి చర్చిలో జరిగిన చివరివి. 1967కీ 1970కీ మధ్య పోస్టాఫీసు, మిగిలిన మూడు కిరాణా కొట్లు మూతపడ్డాయి. 1974లో బడి మూసేశారు.

బడి సంగతి దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. మా ఊళ్ళో ప్రాథమిక పాఠశాలను పిల్లలు తక్కువయ్యారని పక్క ఊరి బడిలో కలిపేసినప్పుడు నేను అక్కడే ఉన్నాను. రెండేళ్ళలో చిన్నపిల్లలున్న నాలుగు కుటుంబాలు పట్నం వెళ్ళిపోయాయి. కొట్టు మూస్తే జనం పక్క ఊళ్ళో సరుకులు తెచ్చుకుంటారు, బడి మూస్తే మాత్రం ఇల్లే ఎత్తేస్తారు. మోనోవై పట్టికలో 1974 తర్వాత అంకెలు చూస్తే నాకు ఆ నాలుగు ఇళ్ళే గుర్తొస్తాయి.

ఎల్సీ ఐలర్ ఎవరు? ఎందుకు ఉండిపోయారు?

ఆవిడ, రూడీ చిన్నప్పుడు ఒకే బడిలో చదువుకున్నారు. రూడీ వైమానిక దళంలో పనిచేశారు. ఎల్సీ కూడా కొంతకాలం బయటికి వెళ్ళి విమాన సంస్థలో ఉద్యోగం చేశారు. అంటే బయటి ప్రపంచం తెలియక అక్కడే ఉండిపోయిన మనిషి కాదు, చూసి వెనక్కి వచ్చిన మనిషి. పెళ్ళయ్యాక ఇద్దరూ మోనోవైకే తిరిగొచ్చారు. 1971లో, ఎల్సీ తండ్రి ఒకప్పుడు నడిపిన టావెర్న్‌ను, అంటే మద్యం, తిండి దొరికే చిన్న హోటల్‌ను, మళ్ళీ తెరిచారు. ఊళ్ళో అన్నీ మూతపడుతున్న సమయంలో వీళ్ళు ఒకటి తెరిచారన్నమాట. 2018లో విలేకర్లు వెళ్ళినప్పుడు ఆవిడకు 84 ఏళ్ళు, అప్పటికీ కౌంటర్ వెనక నిలబడి బర్గర్లు వేయిస్తున్నారు.

ఎందుకు ఉన్నారన్నదానికి ఆవిడ ఇంటర్వ్యూలలో చెప్పేది చాలా మామూలు జవాబు. ఇక్కడే పుట్టి పెరిగాను, ఇక్కడ బాగుంది, వేరే చోటికి వెళ్తే మళ్ళీ కొత్తగా మనుషులను పరిచయం చేసుకోవాలి అని. ఇంట్లో పెద్దవాళ్ళను పట్నం రమ్మని బతిమాలిన ప్రతివాళ్ళూ ఈ మాట విన్నవాళ్ళే.

ఒక్కరే మేయరు, ఒక్కరే ఓటరు అయితే పాలన ఎలా?

పాలన కాగితాల మీద పద్ధతిగానే జరుగుతుంది. ఏటా మేయరు ఎన్నిక గురించి టావెర్న్ గోడకు నోటీసు అంటిస్తారు, ఎందుకంటే నోటీసు అంటించడానికి ఊళ్ళో ఉన్న బహిరంగ స్థలం అదొక్కటే. తర్వాత తన ఓటు తనకే వేసుకుంటారు. రోడ్ల ప్రణాళిక ఒకటి రాసి రాష్ట్రానికి పంపాలి, పంపితేనే నిధులు. తన దగ్గర తనే పన్ను వసూలు చేస్తారు, ఏడాదికి ఐదొందల డాలర్ల దాకా. ఆ డబ్బుతోనే ఊరి నీళ్ళ సరఫరా, నాలుగు వీధి దీపాలు నడుస్తాయి.

అన్నిటికంటే నాకు నచ్చేది మద్యం లైసెన్సు సంగతి. టావెర్న్ యజమానిగా ఆవిడ దరఖాస్తు పెడతారు. రాష్ట్రం ఆ కాగితాలను ఊరి కార్యదర్శికి పంపుతుంది, కార్యదర్శి ఆవిడే. ఊరి క్లర్కుగా సంతకం పెట్టేది ఆవిడే. తర్వాత యజమానిగా అందుకునేదీ ఆవిడే. ఏ ఒక్క సంతకమూ ఎగ్గొట్టరు. ఇది చదివి నవ్వుకునేవాళ్ళు ఉంటారు, నాకు మాత్రం ఆవిడ మీద గౌరవం పెరుగుతుంది. ఆ కాగితాలు ఒక్క ఏడాది ఆపేస్తే మోనోవై అనే ఊరు చట్టం దృష్టిలో లేకుండా పోయే దారిలో పడుతుంది. మ్యాపులో పేరు మిగలవచ్చు, ఊరుగా మిగలదు.

2020 జనగణనలో 2 అని ఎందుకు వచ్చింది? ఎవరైనా కొత్తగా వచ్చారా?

ఎవరూ రాలేదు. 2021లో ఆ అంకెలు బయటికి వచ్చినప్పుడు ఎల్సీయే ఆశ్చర్యపోయారు, నాకు తెలియకుండా ఇంకొకరు ఎవరున్నారు అన్నట్టుగా.

జరిగింది ఇది. జనగణనలో మీరు చెప్పిన వివరాలు బయటపెట్టకూడదని అమెరికాలో గట్టి చట్టం ఉంది. ఉద్యోగి ఎవరైనా బయటపెడితే జైలు శిక్ష. కానీ ఫలితాలను ఊరి వారీగా, ఇంకా చిన్న బ్లాకుల వారీగా ప్రచురిస్తారు కదా. వెయ్యి మంది ఉన్నచోట వయసు, జాతి వివరాలు పట్టికలో వేసినా ఎవరు ఎవరో తెలియదు. ఒక్కరే ఉన్నచోట ఆ పట్టిక అంటే ఆ మనిషి నింపిన ఫారమే. పైగా ఇప్పుడున్న కంప్యూటర్లతో పట్టికలన్నీ ఒకదానితో ఒకటి సరిపోల్చి, పెద్ద ఊళ్ళలో కూడా మనుషులను పట్టుకోవచ్చని జనగణన శాఖ భయపడింది.

అందుకని 2020లో డిఫరెన్షియల్ ప్రైవసీ అనే పద్ధతి తెచ్చారు. అసలు అంకెకు లెక్క ప్రకారం కావాలనే చిన్న తేడా కలుపుతారు. ఒకచోట ఒకటి పెరుగుతుంది, ఇంకోచోట రెండు తగ్గుతాయి. రాష్ట్రం మొత్తం అంకెను మాత్రం ముట్టుకోరు, నెబ్రాస్కా జనాభా 19,61,504 అంటే లెక్కించినంతే. ఒక్కో బ్లాకులో ఇళ్ళ సంఖ్యను కూడా మార్చరు. మనుషుల సంఖ్యకు మాత్రం ఈ తేడా తగులుతుంది. ఒమాహా లాంటి నగరంలో ఒకరు పెరిగినా తగ్గినా ఎవరికీ పట్టదు. మోనోవైలో ఒకరు పెరిగితే జనాభా రెట్టింపు.

అంటే ప్రభుత్వం తప్పుడు లెక్క ఇచ్చినట్టే కదా?

తప్పు అనను, కానీ ఆ ఊరికి జరిగింది న్యాయం అని కూడా అనలేను. గోప్యత కాపాడాలన్న ఉద్దేశం మంచిదే, ఒక్క ఊరి కోసం నియమం మార్చలేరు, అదీ అర్థమవుతుంది. కానీ చిన్న ఊళ్ళకు చరిత్ర పుస్తకాలు ఉండవు. పదేళ్ళకోసారి రాసే ఆ ఒక్క అంకే వాటి చరిత్ర. 123, 18, 6, 2, 1 అని వరసగా చదువుతుంటే ఊరి కథ మొత్తం కళ్ళ ముందుకొస్తుంది, ఆ తర్వాత మళ్ళీ 2 అని చూసిన మనిషి ఎవరో వచ్చి చేరారని అనుకుంటాడు. ఆ పట్టిక వాడేటప్పుడు దయచేసి పక్కన ఒక మాట రాయండి.

అసలు ఫారాలు చూడాలంటే ఓపిక పట్టాలి. అమెరికాలో ఇంటింటి జనగణన పత్రాలను 72 ఏళ్ళ తర్వాత అందరికీ తెరుస్తారు. 1950 నాటివి 2022 ఏప్రిల్‌లో తెరిచారు. 1930, 1940, 1950 పత్రాల్లో ఆనాటి ఊరివాళ్ళ పేర్లు, వయసులు, పనులు ఎన్యూమరేటర్ చేతిరాతలో ఉంటాయి. పూర్వీకుల వివరాలు వెతుక్కునేవాళ్ళకు అదొక గని. 2020 పత్రాలు 2092లో తెరుస్తారు.

చుట్టుపక్కల ఊళ్ళ పరిస్థితి ఏమిటి?

మోనోవై ఒంటరి ఉదాహరణ కాదు. అదే కౌంటీలో గ్రాస్ అనే ఊళ్ళో 2010లో ఇద్దరు. కౌంటీ మొత్తం జనాభా 2010లో 2,099 ఉంటే 2020లో 1,810. పదేళ్ళలో దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు తగ్గారు. కౌంటీ ముఖ్య పట్టణం బ్యూట్, దగ్గర్లో ఉన్న కాస్త పెద్ద ఊరు లించ్, అవీ చిన్నవే. 2019 మార్చిలో నయోబ్రారా మీద స్పెన్సర్ డ్యామ్ మంచుగడ్డలతో వచ్చిన వరదకు తెగిపోయి, హైవే వంతెన కొట్టుకుపోయినప్పుడు ఈ కౌంటీ జనం రోడ్డుకూ, నీళ్ళకూ చాలా అవస్థ పడ్డారు. తక్కువ జనం ఉన్నచోట ఒక వంతెన పోతే మిగిలిన దారులు కూడా దూరమే.

మన దగ్గర ఇలాంటి ఊళ్ళు ఉన్నాయా?

ఉన్నాయి, వాటికి మన రెవెన్యూ రికార్డుల్లో ఒక మాట కూడా ఉంది. బేచిరాక్ గ్రామం. పాత ఉర్దూ, పారశీక మాట నుంచి వచ్చింది, చిరాగ్ అంటే దీపం, బే అంటే లేని. దీపం లేని ఊరు. పేరు ఉంటుంది, సర్వే నంబర్లు ఉంటాయి, పహాణీలో భూములు ఉంటాయి, కాపురం ఉండే మనిషి మాత్రం ఒక్కడూ ఉండడు. అంటురోగాల వల్లో, నీళ్ళు లేకో, ప్రాజెక్టు కింద మునిగో జనం లేచిపోయిన ఊళ్ళు అవి. తెలంగాణ, ఆంధ్ర జిల్లాల గ్రామాల జాబితాలు తిరగేస్తే ఈ మాట చాలాచోట్ల తగులుతుంది.

ఆ లెక్కన మోనోవై ఇంకా బేచిరాక్ కాలేదు. ఐదొందల డాలర్లు కట్టి నాలుగు దీపాలు వెలిగించే మనిషి ఉన్నంతవరకు ఆ మాట దానికి వాడకూడదు. ఘోస్ట్ టౌన్ అని రాసేవాళ్ళను చూస్తే నాకు అందుకే చిరాకు.

లైబ్రరీ ఉందంటారు, నిజమా?

నిజం. రూడీకి పుస్తకాల పిచ్చి. తన పుస్తకాలన్నీ పెట్టి ఊరికి ఒక లైబ్రరీ చేయాలని ఆయన కోరిక, ఆ పని పూర్తయ్యేలోపే పోయారు. తర్వాత ఇంటివాళ్ళు దాన్ని పూర్తి చేశారు. పెద్ద భవనం కాదు, మన ఇళ్ళ వెనక సామాను గది అంత ఒక చిన్న షెడ్డు. బయట రూడీ లైబ్రరీ అని పేరు, లోపల గోడల పొడుగునా సుమారు 5,000 పుస్తకాలు. సభ్యత్వం, జరిమానా లాంటివేమీ లేవు. కావలసింది తీసుకెళ్ళి చదివి తెచ్చి పెట్టాలి, అంతే. లైబ్రేరియన్ కూడా ఎల్సీయే.

ఒక్కరున్న ఊరికి 5,000 పుస్తకాలు. ప్రపంచంలో తలకు ఇన్ని పుస్తకాలున్న ఊరు ఇంకోటి నాకు కనబడలేదు.

టావెర్న్‌కి వచ్చేదెవరు?

చుట్టూ ఇరవై, నలభై మైళ్ళ దూరంలో ఉన్న రైతులు, పశువుల పెంపకందార్లు, లారీ డ్రైవర్లు, వేటకొచ్చినవాళ్ళు. ఇప్పుడు ఊరిని చూడటానికి వచ్చే టూరిస్టులు కూడా. ఊరి జనాభా ఒకటే అయినా మధ్యాహ్నం బల్లల చుట్టూ జనం ఉంటారు. నేను ముందు చెప్పిన బజారు సంగతి గుర్తుందా, ఆ బజారులో మిగిలిన ఆఖరి అంగడి ఇది. పొలాల మధ్య దూరదూరంగా బతికేవాళ్ళకు నలుగురిని కలిసి మాట్లాడుకోవడానికి ఉన్న రచ్చబండ కూడా ఇదే.

ఏదో కంపెనీ ప్రకటన తీసింది ఇక్కడేనా?

అవును, 2018లో ఆర్బీస్ అనే ఫాస్ట్‌ఫుడ్ సంస్థ ఇక్కడి పొలంలో ఒక పెద్ద ప్రకటన పోస్టర్ పరిచి గిన్నిస్ రికార్డు తెచ్చుకుంది.

మేం వెళ్ళి చూడొచ్చా? ఏం తెలుసుకుని వెళ్ళాలి?

వెళ్ళొచ్చు. ఒమాహా, లింకన్‌లలో తెలుగు కుటుంబాలు బాగానే ఉన్నాయి కాబట్టి ఈ ప్రశ్న ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ఒమాహా నుంచి దాదాపు 200 మైళ్ళు, మూడున్నర గంటల డ్రైవ్. పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. సోమవారం టావెర్న్‌కి సెలవని చెబుతారు, ఎందుకైనా మంచిది ముందే కనుక్కుని బయల్దేరండి. శీతాకాలంలో మంచు తుఫాను హెచ్చరిక ఉంటే అసలు వద్దు. పెట్రోలు ముందే నింపుకోండి, బంకుల మధ్య దూరం ఎక్కువ.

తిండి విషయం. అక్కడ దొరికేది హాంబర్గర్, హాట్‌డాగ్ లాంటివి, అవి కూడా చాలా తక్కువ ధరకు. శాకాహారులు పులిహోరో, పెరుగన్నమో కట్టుకెళ్ళడం మంచిది. కానీ తెచ్చుకున్నది కారులో తినేసి ఫోటో తీసుకుని వచ్చేయకండి. లోపలికి వెళ్ళి కనీసం ఒక కాఫీ తాగండి, వచ్చినవాళ్ళు పేరు రాసే పుస్తకం ఉంటుంది, అందులో మీ పేరు, మీ ఊరి పేరు రాయండి. పాత ఇళ్ళలోకి, కూలిపోతున్న చర్చిలోకి దూరకండి, పైకప్పులు ఎప్పుడు పడతాయో తెలియదు, పైగా అది ఎవరో బతికిన ఇల్లు. లైబ్రరీ చూడాలంటే కౌంటర్ దగ్గర అడగండి.

పుస్తకం తీసుకుంటే మాత్రం తిరిగి ఇచ్చేయండి, 200 మైళ్ళయినా సరే.